పెళ్లి పందిట్లో మన పంటకు చోటేది?

సంపాదకుల వారికి నమస్కారం.

మన దగ్గర పండినవే తినాలన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. మంచి మాటే. కానీ ఆ హితవు ఎప్పుడూ సంచి పట్టుకుని రైతుబజారుకు వెళ్లే ఇల్లాలికే చెబుతున్నారు. ఆవిడ కొనేది అరకిలో వంకాయలు, రెండు కట్టల తోటకూర. ఒక మోస్తరు పెళ్లికి మేము కొనే కూరగాయలు క్వింటాళ్లలో ఉంటాయి. నేను నరసన్నపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంట చేయించే మేస్త్రీని. మాలాంటి వాళ్లను ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఇప్పుడు పెళ్లివారు రాసిచ్చే వంటకాల పట్టీ చూస్తే ఆ పెళ్లి ఏ జిల్లాలో జరుగుతోందో చెప్పలేము. పనీరు, బేబీ కార్న్, పుట్టగొడుగులు, క్యాప్సికం. సరిగ్గా అవే ముహూర్తాల రోజుల్లో కవిటి, సోంపేట, కంచిలి వైపు తోటల్లో లేత పనసకాయలు చెట్టు మొదలు దగ్గరి నుంచే వేలాడుతుంటాయి. వాటిని లారీలకెత్తి రాష్ట్రం దాటిస్తారు. ఇక్కడి పెళ్లిలో వండుదామంటే మాత్రం ‘ఇంకా పనసపొట్టేనా మేస్త్రీ, నలుగురూ ఏమనుకుంటారు’ అంటారు.

నిజం చెప్పాలంటే మా వంటవాళ్లలోనూ చాలామందికి పనీరే సుఖం. ముక్కలు కోసి గ్రేవీలో వేస్తే పని అయిపోతుంది. పనసపొట్టు అలా కాదు. చేతులకూ కత్తికీ నూనె రాసుకోకపోతే ఆ జిగురు ఒక పట్టాన వదలదు. చెక్కు తీసి, కాయను టకటకా కొట్టి, రాలిన పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు గట్టిగా పిండేయాలి. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి పోపు వేగాక అల్లం, పచ్చిమిర్చి, చింతపండు పులుసు వేసి మగ్గనివ్వాలి. ఆవ ముద్ద మాత్రం పొయ్యి దించాకే కలపాలి, లేదంటే చేదెక్కి కూరంతా పాడవుతుంది. ఇంత పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. కూర అడిగేవాళ్లు లేకపోతే ఈ పని కుర్రాళ్లు ఎందుకు నేర్చుకుంటారు?

దూరం నుంచి వచ్చిన కూరగాయకు, దగ్గర కోసినదానికి తేడా ఏమిటో గరిటె పట్టినవాడికి పుస్తకం చూడకుండానే తెలుస్తుంది. తెల్లవారుజామున కోసిన బీరకాయను మూకుట్లో వేసి మూత పెడితే తన నీటితో తానే ఉడుకుతుంది. దాని పొట్టుతో పచ్చడి కూడా అవుతుంది. రెండు మూడు రోజులు బస్తాలో నలిగినదైతే నీళ్లు పోయాలి, పొట్టు పారేయాలి. ఆకుకూరల సంగతి చెప్పనక్కరలేదు. కోసినప్పటి నుంచీ వాటిలో విటమిన్ సి తగ్గుతూనే ఉంటుంది. మామిడిపండ్లూ అంతే. విజయనగరం తోటల్లో సువర్ణరేఖ ఉండగా ఎక్కడినుంచో పచ్చి కాయలు తెప్పించి ఆదరాబాదరాగా రంగు తేల్చడం దేనికి? కార్బైడ్‌తో మగ్గించడం నిషేధమని అందరికీ తెలుసు. దగ్గరి తోటలో అయితే ముదిరిన కాయ కోయించి వరిగడ్డిలో మాగవేసుకోవచ్చు.

డబ్బు లెక్క కూడా ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటింది. టమాటా వచ్చే మదనపల్లె మార్కెట్టు నుంచి మా దగ్గరికి 800 కిలోమీటర్లకు పైనే. ముందే ధర మాట్లాడుకుని ఒప్పుకున్న వంటలకు ఆ నెల మా చేతి డబ్బు పడింది. పప్పులో గోంగూర, చారులో చింతపండు అన్న ఇళ్లలో మాత్రం గట్టెక్కాము. అతిథులు ఒక్కరూ టమాటా ఏదని అడగలేదు.

అన్నీ ఇక్కడివే కావాలని మంకుపట్టు పట్టడం లేదు. ఉల్లిపాయలు కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాల్సిందే. ఇక్కడ పండినంత మాత్రాన మందు కొట్టలేదనీ కాదు. కాకపోతే పక్క ఊరి రైతును ‘మందు కొట్టి ఎన్నాళ్లయింది’ అని మొహం మీదే అడగగలను. గడువు తీరలేదంటే ఆ మడి వదిలి ఇంకో మడిలో కోయమంటాను. లారీలో వచ్చిన బస్తాను ఎవరిని అడగాలి? ఇక దగ్గరిది తినడమంటే దొరకనప్పుడు మానుకోవడం కూడా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం. గుడ్లు పెట్టే రోజుల్లో చేపను వదిలేయాలని ఆ నియమం. ఆ వేసవి విందుల్లోనూ పెద్ద సముద్రపు చేపే కావాలని పట్టుబట్టి ఐసు పెట్టెలు తెప్పించేవారికి నేను చెరువు చేపో, ఎండు చేపో చూసుకోమని చెబుతాను. కొందరికి కోపం వస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కవిటి, సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు నాటినవాళ్ల చెట్లు ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. వాళ్లకు సానుభూతి కన్నా కొనేవాళ్లు అవసరం. పెళ్లికి కొబ్బరికాయలు, జీడిపప్పు ఎలాగూ కొంటాము, అవి ఎవరి తోటవో అడిగి కొనడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

పెళ్లిళ్లే కాదు. వసతిగృహాలు, హోటళ్లు, ఆసుపత్రి వంటశాలలు, బడి భోజనాలు, అన్నీ టోకున కొనేవే. బడుల్లో పిల్లలకు రాగిజావ పోస్తున్నారు, సీతంపేట కొండల్లో చోళ్లు, అంటే ఆ రాగులే, పండుతున్నాయి. ఆ గింజ ఈ గిన్నెలోకి ఏ దారిన వస్తోందో, లేక అసలు వేరే చోటు నుంచి వస్తోందో అధికారులు విచారిస్తే బాగుంటుంది.

నా విన్నపం ఒకటే. 1999లో మొదలైన రైతుబజార్లు చిల్లరగా కొనుక్కునేవారికి బాగా ఉపయోగపడ్డాయి. నాకు మూడు క్వింటాళ్ల ఆనపకాయలు కావాలంటే అక్కడ పది మంది రైతుల బల్లల ముందు తిరగాలి. విసుగెత్తి టోకు వర్తకుడి దగ్గరికే పోతాము. పది రోజుల ముందు మా అవసరం చెప్పుకుని, ఏ ఊరి రైతులు ఎంత ఇవ్వగలరో తెలుసుకునే ఏర్పాటు ఏదైనా మార్కెటింగ్ శాఖవారు చేయాలి. పెళ్లిళ్ల తేదీలు మాకు నెలల ముందే తెలుస్తాయి, బీర, బెండ విత్తు ఎప్పుడు వేయాలో రైతుకు తెలుసు. ఈ రెండూ కలిపేవాళ్లే లేరు. మాఘమాసపు ముహూర్తాలు రాకముందే మేస్త్రీలనూ రైతులనూ ఒకసారి కూర్చోబెడితే, ఏ నెలలో ఏ కూర ఎంత పడుతుందో పట్టీ నేనే రాసిస్తాను.

ఇట్లు,
ఒక పెళ్లివంటల మేస్త్రీ,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా