మంత్రి గారూ, మా బిడ్డ నిజం చెప్పి తిట్లు తిన్నది

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి నమస్కరించి రాస్తున్నాను. కల్లు తాగిన సంగతి ఒప్పుకున్న కడుపుతో ఉన్న పిల్లను దవాఖానలో తిట్టి పంపారని ప్రజావాణిలో మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. మూడు రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

మా చెల్లె బిడ్డకు ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. నెల తప్పిన సంగతి ఆమెకు మూడో నెల దాకా తెలియలేదు. అన్నాళ్లూ పత్తి ఏరి వచ్చి రోజూ సాయంత్రం సీసా కల్లు తాగింది. మా దిక్కు ఆడవాళ్లు తాగుతారు సార్, దాచేదేముంది. నడుము నొప్పికీ ఎండకూ నిద్రకూ అదే మందు. కడుపుతో ఉన్నామెకు చలువ చేస్తుందని పెద్దవాళ్లే పోసి ఇచ్చే ఇళ్లున్నాయి. ఒకప్పుడు నేనూ అట్లా పోసి ఇచ్చినదాన్నే. ఆ పాపంలో నాకూ పాలుంది.

దవాఖానలో పేరు రాయించడానికి పోయిన రోజు ఆ పిల్ల తనంతట తానే సిస్టరమ్మను అడిగింది. "అమ్మా, తెల్వక కల్లు తాగిన. లోపల బిడ్డకేమన్న అయితదా?" లైన్‌లో ఉన్న అందరి ముందర వచ్చిన జవాబు: "తాగుబోతుదానివి, నీకు పిల్లలెందుకే?" డాక్టరమ్మ తల కూడా ఎత్తలేదు. బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు, ఐరన్ గోళీలు చేతిలో పెట్టారు. తాగిన మాట కార్డు మీద ఎక్కడా రాయలేదు.

ఆ సిగ్గుతో ఇంటికొచ్చి ఆ పూటే మానేసింది. మంచిదే అనుకున్నాం. మర్నాటి నుంచే చేతులు వణుకు, కంటికి కునుకు లేదు, గోడలతో మాటలు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. 108లో వేసుకొని పెద్ద దవాఖానకు ఉరికాం. మా దగ్గర దొరికేది అంతా చెట్టు కల్లు కాదని మీకు తెలియనిది కాదు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపే సంగతి పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు? ఆ మత్తుకు అలవాటు పడ్డ ఒళ్లు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుందట. డాక్టరు దగ్గరుండి మెల్లమెల్లగా తగ్గించాలట. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆ రాత్రి మాకు వచ్చేది కాదు.

కల్తీ అంటే ఆబ్కారీ వాళ్ల పని అంటారేమో. లోపలి బిడ్డకు ఏ శాఖ ఎవరిదో తెలియదు సార్.

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానింగ్ తీయించాం. అంతా బాగుందన్నారు. సంతోషమే. కానీ మెదడుకు తగిలిన దెబ్బ స్కానింగ్‌లో కనబడకపోవచ్చని మా తమ్ముని కొడుకు ఫోన్‌లో చదివి చెప్పాడు. తల్లి తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుందట. ఇంత తాగితే ఏం కాదు అనే లెక్కే లేదట. 1973లోనే అమెరికా డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బిడ్డ బరువు తగ్గొచ్చు, తల చిన్నగా ఉండొచ్చు, పై పెదవి పలుచగా ఉండొచ్చు, బడికి పోయాక చదువు ఎక్కకపోవచ్చు. తాగిన ప్రతి తల్లి బిడ్డకూ ఇట్లా కావాలని లేదు. ఏ నెలలో మానినా అక్కడి నుంచి బిడ్డకు మేలే. ఈ చివరి మాట విని ఆ పిల్ల ఎంత ఏడ్చిందో! నాలుగు నెలలుగా కడుపు మీద చెయ్యి వేసుకోవడానికే భయపడుతున్నది. ఆ మాట మీ దవాఖానలో ఎవరైనా చెప్పి ఉండకూడదా?

అడగమనండి సార్. వచ్చిన ప్రతి గర్భిణినీ పక్కకు పిలిచి, తిట్టకుండా, బిడ్డా అని అడగమనండి. చెప్పింది కార్డు మీద రాయమనండి, కాన్పు చేసేవాళ్లకూ పిల్లల డాక్టరుకూ తెలియాలి. ప్రతి నెల 9న కడుపుతో ఉన్నవాళ్లను పిలుస్తారు కదా, ఆ రోజన్నా మత్తు మాన్పించే డాక్టరును ఒకరిని కూర్చోబెట్టండి. పుట్టిన బిడ్డను డీఈఐసీలో, అంటే పిల్లల లోపాలను ముందే కనిపెట్టే జిల్లా కేంద్రంలో చూపించి, బడికి పోయేదాకా కనిపెట్టండి. మొగవాళ్లనూ పిలవండి. ఇంట్లో సీసా ఉంటే ఆమె ఒక్కతీ ఎట్లా మానుతుంది? అన్నిటికన్నా ముందు తిట్టడం ఆపండి. మీ కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను, తిట్టడం ఆపండి.

మా వాడలో ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నారు. మా పిల్లకు జరిగింది చూసి ఇద్దరూ దవాఖానలో "మేం తాగం" అని చెప్పి వచ్చారు. తాగుతారు సార్. రోజూ సాయంత్రం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక పెద్దమ్మ
మహబూబ్‌నగర్ జిల్లా