మొదటి పరీక్ష కిటికీకి చెయ్యండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య మంత్రి గారికి,

నమస్కారం. నేను చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే టీచర్ని. "ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు", "ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు" అని పిల్లల్ని విసుక్కున్న రోజులు నాకూ ఉన్నాయి. పెయింట్ల నుంచి, బ్యాటరీల నుంచి పిల్లల ఒంట్లోకి చేరి మెదడుని దెబ్బతీసే లోహం సీసం (లెడ్) గురించి చదివాక ఆ మాటలు గుర్తొస్తే మనసు చివుక్కుమంటోంది.

1979లో హెర్బర్ట్ నీడిల్‌మాన్ అనే అమెరికా డాక్టరు, పిల్లలకి ఊడిన పాలపళ్ళు సేకరించి వాటిలో సీసం ఎంతుందో కొలిచారు. ఆ పిల్లలెవరూ జబ్బుగా ఉన్నవాళ్ళు కారు. వాళ్ళు క్లాసులో ఎలా ఉంటారో టీచర్లనే అడిగారు. పంటిలో సీసం పెరిగేకొద్దీ ధ్యాస నిలవదు, చెప్పింది అందుకోలేరు అన్న జవాబులు ఎక్కువయ్యాయి. తెలివితేటల పరీక్షలోనూ వాళ్ళకి మార్కులు తగ్గాయి.

ఎందుకిలా? మన ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా సరిగ్గా తెలియదు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే కాల్షియం కావాలి. ఆ చోటులో సీసం దూరితే కబురు తప్పుతుంది. పసితనంలో ఈ కబుర్లను బట్టే కణాల మధ్య ఏ బంధం నిలవాలో, ఏది పోవాలో తేలుతుంది. అమెరికాలోని సిన్సినాటి నగరంలో పుట్టినప్పటి నుంచి రక్తపరీక్షలు చేస్తూ వచ్చిన పిల్లలకి పెద్దయ్యాక స్కానింగ్ తీశారు. చిన్నప్పుడు సీసం ఎక్కువున్నవాళ్ళకి మెదడు ముందుభాగంలో కణజాలం తగ్గి కనిపించింది. ధ్యాస నిలిపేదీ, తొందరపాటుని ఆపేదీ ఆ భాగమే.

ఏడాది బిడ్డ కిటికీ పట్టుకుని నిలబడటం మీరూ చూసే ఉంటారు. పాత కిటికీ తెరిచి మూసినప్పుడల్లా రెక్క అంచు రాసుకుని, సీసం కలిసిన పాత పెయింట్ సన్నటి పొడిగా రాలుతుంది. ఆ పొడి మీద పెట్టిన చెయ్యి తిన్నగా నోట్లోకే. సీసం ఉండే పాత బ్యాటరీలు పగలగొట్టే పని నుంచి వచ్చిన తండ్రి, ఆ దుమ్ము అంటిన బట్టలతోనే బిడ్డని ఎత్తుకుంటాడు. మింగిన సీసం పెద్దవాళ్ళకంటే పసివాళ్ళ ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఇనుము తక్కువున్న బిడ్డకైతే ఇంకా ఎక్కువ.

మందుందిగా అంటారేమో. సీసాన్ని బయటికి లాగే మందు రక్తంలో మోతాదు తగ్గించింది గానీ, పిల్లల తెలివితేటల్ని మెరుగుపరచలేదని 2001లో వచ్చిన పరిశోధనలో తేలింది. అందుకే బిడ్డ రక్తంలో కనబడేదాకా ఆగొద్దని నా విన్నపం. బడుల్లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో పెయింట్, కుళాయి నీళ్ళు ముందు పరీక్ష చేయించండి. టీకాలకి వచ్చే పిల్లలకి ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళ వయసులో ఒకసారి రక్తపరీక్ష పెట్టండి. డెసిలీటరు (లీటరులో పదో వంతు) రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు గానీ అంతకుమించి గానీ ఉంటే, అది ఎక్కడిదో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వెతకడానికి మనిషిని ఇంటికి పంపండి. కాగితం చేతికిచ్చి పంపేస్తే ఆ తల్లి ఏం చేస్తుంది?

ఇది అయ్యే పనే. అమెరికాలో పెట్రోల్లో సీసం తగ్గించుకుంటూ వచ్చాక, 1970ల చివర్లో డెసిలీటరుకి 15 మైక్రోగ్రాముల దాకా ఉన్న చిన్నపిల్లల రక్తంలోని సీసం సగటు 1991 నాటికి 4 లోపుకి దిగింది.

మా బడి కిటికీలతోనే మొదలుపెట్టండి. అంచుల్లో పెయింట్ పొరలు పొరలుగా లేచి ఉంది. పొడిగా గీకి దుమ్ము రేపొద్దు, తడిపి గీకమనండి. ఆ రోజు పిల్లల్ని నేను చెట్టుకింద కూర్చోబెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక టీచర్