ఏ కప్పు? బియ్యమా, అన్నమా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో మధుమేహం ఉన్నవారి భోజనం గురించి వచ్చే వ్యాసాలను కత్తిరించి దాచుకుంటాను. మా వారికి పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి. నాలుగేళ్ల నుంచి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటున్నారు. “మధ్యాహ్నం ఒక కప్పు అన్నం” అని మీరు రాస్తే అలాగే పెడుతూ వచ్చాను. ఏ కప్పో అడగాలని తోచలేదు.

మొన్న మాఘమాసంలో నేను పెళ్లికి వెళ్లినప్పుడు మా కోడలు టీ కప్పుతో కొలిచి వడ్డించింది. నేను రోజూ కొలిచేది స్టీలు గిన్నెతో. ఇన్సులిన్ మాత్రం ఎప్పటి మోతాదే. మూడు గంటలకల్లా ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. రక్తంలో చక్కెర బాగా పడిపోయి మీటరులో 54 చూపించింది. పంచదార నీళ్లు తాగించాక తేరుకున్నారు. తన తప్పేమీ లేకపోయినా ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మర్నాడే చిన్న త్రాసు తెప్పించి అన్నీ తూచాను. టీ కప్పులో అన్నం వదులుగా వేస్తే 105 గ్రాములు, అదిమితే 130. నా స్టీలు గిన్నెలో గోపురంలా పెడితే 290! కుక్కరుతో పాటు ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. దాంతో అంచుకు సమంగా తీసిన బియ్యమే 150 గ్రాములు తూగాయి. వండాక 400 దాటింది. మీ ‘ఒక కప్పు’ వీటిలో ఏది?

మా అత్తగారు సోలెడు బియ్యం పొయ్యమంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఇంట్లో ఉన్న ఇత్తడి సోల ఒక్కటే. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ. కప్పుకు అలాంటి కట్టుబాటు లేదు. పైగా ఇంగ్లీషులో బియ్యానికీ అన్నానికీ ఒకటే మాట. ఇంగ్లీషు ఆహార పట్టికలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏది ఏదో చూసుకోకపోతే మోతాదు రెండింతలో మూడింతలో మారిపోతుంది.

మా డాక్టరుగారికి ఈ లెక్కలన్నీ చూపిస్తే ఇన్సులిన్ మోతాదు సరిచేసి, పూటకు 150 గ్రాముల అన్నం చాలన్నారు. అంత తూచి గిన్నెలో వేసి, లోపలి వైపు మేకుతో గీత గీశాను. ఇప్పుడు నేను వడ్డించినా, కోడలు వడ్డించినా ఆ గీత వరకే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార పట్టికల్లో విలువలు 100 గ్రాముల లెక్కన ఉంటాయి. మీరు కూడా గ్రాముల్లోనే రాయండి. త్రాసు లేని ఇళ్ల కోసం, 100 గ్రాముల అన్నం, 150 గ్రాముల అన్నం మామూలు భోజనం పళ్లెంలో ఎంత కనిపిస్తుందో ఒకసారి ఫొటోలు వేయండి. బియ్యమా అన్నమా అన్న ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ వదిలిపెట్టకండి.

— ఒక గృహిణి, తెనాలి