జీపు వెనక ట్రైలర్లకు లైట్లు, గొలుసులు ఉండేలా చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. రాయచోటి పక్కన మాకు ఐదెకరాల మామిడి తోట ఉంది. కాయలు కడప మండీకి తోలడానికి మూడేళ్లుగా జీపు వెనక రెండు చక్రాల చిన్న ట్రైలర్ తగిలించుకుంటున్నాను. ప్రతి కోతకూ లారీ నిండేంత కాయ రాదు. బాడుగ బండి కోసం కాచుకుని కూర్చుంటే బేనీషా కాయ మెత్తబడిపోతుంది. మాలాంటి చిన్న రైతులకు ఈ ట్రైలర్ పెద్ద ఆదరువు. దీన్ని రోడ్డెక్కనివ్వొద్దని ఎవరైనా అంటే నేనే అడ్డుపడతాను. కానీ ఇప్పుడు నడుస్తున్న తీరులో నడిస్తే మాత్రం ప్రాణాలు పోతాయి.

పోయిన సీజనులో గువ్వలచెరువు ఘాట్ దిగుతుండగా జరిగింది చెబుతాను. ట్రైలర్‌లో 20 కిలోల క్రేట్లు 30 ఉన్నాయి. తోటలో పిల్లలు వాటిని వెనక డోరు వైపు నుంచి పేర్చుకుంటూ వచ్చారు, ముందర రెండడుగులు ఖాళీగా మిగిలింది. చదును రోడ్డు మీద నాకేమీ తెలియలేదు. కోవా అంగళ్లు దాటి దిగుడులో పడ్డాక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. కంగారులో గట్టిగా బ్రేకు తొక్కాను. ఊపు ఇంకా ఎక్కువై జీపు వెనక భాగాన్నే పక్కకు ఈడ్చింది. పక్క సీట్లో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు. ఆ నిమిషంలో ఎదురుగా లారీ రాలేదు, అంతే.

ఎందుకలా అయిందో తర్వాత నలుగురిని అడిగి తెలుసుకున్నాను. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, దాన్ని జీపుకు తగిలించే కొక్కెం మీద పడాలి. బరువు వెనక్కి పోతే కొక్కెం పైకి లేవజూస్తుంది, జీపు వెనక చక్రాలకు పట్టు తగ్గి ట్రైలరే జీపును ఆడిస్తుంది. కాయలు 600 కిలోలు, ఖాళీ ట్రైలర్ 250, మొత్తం 850 కిలోలు. అంటే కొక్కెం మీద కనీసం 85 కిలోలు ఉండాలి. ఇది చూసుకోవడం ఏమంత కష్టం కాదు. లోడు చేశాక జీపు నుంచి విప్పి, కొక్కెం వైపు కొనను తోటలోని కాటా మీద ఆనిస్తే చాలు. ఊపు మొదలైతే బ్రేకు తొక్కకూడదు, ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీసి స్టీరింగును తిన్నగా పట్టుకోవాలి. నేను సరిగ్గా దానికి విరుద్ధంగా చేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, కుర్రవాళ్లు దీన్ని వినాలి. కొండలూ గుట్టలూ ఎక్కే బండి కాబట్టి ఎంతైనా లాగుతుందనుకుంటారు. లాగుతుంది, నిజమే. ఆపడం దగ్గరే చిక్కు. మూడు డోర్ల థార్ వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు, బొలెరోది 2680. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం తగ్గేకొద్దీ వెనక ట్రైలర్ ఆ బండిని తేలిగ్గా తిప్పేస్తుంది. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించుకుంటే ఇంకా ప్రమాదం. అదే ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే) బండిలో ఉన్న 'లో' గేరు దిగుడులో నిజంగా పనికొస్తుంది. బండి వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. దాన్ని వాడేవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూశాను.

ఐరోపా దేశాల్లో ట్రైలర్ బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి. మాది 850, బ్రేకు ఊసే లేదు. నాకు చేసిచ్చిన వెల్డింగ్ షాపులో కొక్కేన్ని ఛాసిస్‌కు కాకుండా బంపర్‌కే బోల్టులతో బిగించారు. గొలుసులు పెట్టలేదు. కొక్కెం కింద రెండు గొలుసులు అడ్డంగా ఒకదాని మీదొకటి వేసి కడితే, పిన్ను ఊడినా ట్రైలర్ ముందు కొన వాటి మీద ఆగుతుంది, రోడ్డులో దిగబడదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసి చేసివ్వాల్సిన వాళ్లు చెప్పలేదు.

రాత్రిపూట సంగతి మరీ ఘోరం. వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు కూడా ఉండదు. జీపు లైట్లేమో ట్రైలర్ చాటున పడిపోతాయి. 40వ నంబరు జాతీయ రహదారి మీద పొద్దుగూకాక మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడికి పది గజాల దగ్గరికి వస్తే గానీ ముందు ఏదో ఉందని తెలియదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. చట్టం ఉంది సరే, ఊళ్లో ఇనుప గొట్టాలతో చేయించుకున్న ట్రైలర్‌ను ఎవరికి చూపించాలో, ఏ కాగితాలు పెట్టాలో రైతుకు చెప్పేవాళ్లు లేరు. రోడ్డు మీద ఆపి జరిమానా రాస్తే ఆ రోజు కాయలు ఎండలో మాగిపోతాయి, మర్నాడు అదే ట్రైలర్ సందు దారిలో తిరుగుతుంది. రవాణా శాఖ వాళ్లు ముందుగా వెల్డింగ్ షాపులకు వెళ్లాలి. కొక్కెం ఛాసిస్‌కే బిగించాలని, రెండు గొలుసులూ వెనక లైట్లూ లేకుండా ట్రైలర్ బయటికి ఇవ్వకూడదని వాళ్లకు గట్టిగా చెప్పాలి. ఘాట్ దిగుడు మొదలయ్యే చోట, ట్రైలర్ ఉన్న బండ్లు చిన్న గేరులోనే దిగాలని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి. లోడు సర్దుకోవడానికి రోడ్డు పక్కన కాస్త జాగా కూడా చూపించాలి.

మామిడి కోతలు మొదలయ్యేలోపు కడప మండీ గేటు దగ్గర ఒక్కరోజు శిబిరం పెట్టి ట్రైలర్లను చూసిపెట్టమని, కాగితాలు అక్కడే రాయించమని జిల్లా అధికారులను కోరుతున్నాను. అందరికంటే ముందు నా ట్రైలరే తెస్తాను. కొక్కెం బరువు చూపించడానికి మా తోట కాటా కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
రాయచోటి