వార్షిక నివేదిక: చెరువు లెక్కల యాప్ రస్ట్‌లోకి మారిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో రొయ్యల చెరువుల లెక్కల యాప్‌ను సీ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి రస్ట్ అనే ఇంకో భాషలోకి మారుద్దామా అంటే గదిలో అందరూ చేతులెత్తారు. తర్వాత ఆదివారాలు వచ్చి కోడ్ రాసింది నలుగురు. ఈ నివేదికలో ఉన్న పనంతా వాళ్ళదే కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

ఎందుకు మార్చామో మీకు తెలిసిందే. పాత యాప్‌లో మేత వివరాలు తెరిచి ఉండగా చెరువు పేరు తీసేస్తే యాప్ మొత్తం మూసుకుపోయేది. వదిలేసిన మెమరీని ఇంకో చోటినుంచి మళ్ళీ ముట్టుకోవడం వల్ల వచ్చే రోగం అది. సీలో రైతు ముందు బయటపడేది, రస్ట్‌లో అయితే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే ముందుగా ఆపేస్తుంది. రస్ట్ 1.0 వచ్చింది 2015లో, మరీ పసిభాషేం కాదు. 2023లో లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 45తో వచ్చిన ఫొటోలు చూసే యాప్ లూప్ కూడా రస్ట్‌లో రాసిందే.

అయినా మొదటి మూడు నెలలు చుక్కలు కనిపించాయి. యాప్ కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ జీటీకే సీలో పుట్టింది, ఒక విడ్జెట్ (బటన్, పెట్టె లాంటి తెర భాగం) ఇంకోదాని లక్షణాలు తెచ్చుకునే పద్ధతి దానిది, రస్ట్‌లో ఆ వారసత్వం లేదు, అందుకని సొంత విడ్జెట్ ఒకటి చేసుకోవాలంటే బారెడు కోడ్. బటన్ నొక్కితే ఏం జరగాలో రాసిన చోటల్లా, అక్కడ వాడే వాటికి నకళ్ళు అందించే క్లోన్ మాక్రో పెట్టాల్సిందే. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ (కోడ్‌ను నడిచే యాప్‌గా మార్చడం) పెట్టి కిందికెళ్ళి టీ తాగొచ్చినా అయ్యేది కాదు, పైగా బిల్డ్ సరుకంతా చేరే టార్గెట్ ఫోల్డర్ జీబీలు జీబీలు మింగి డిస్క్ నింపేసేది.

ఇక ఇందుకూరుపేట సంగతి. చెరువు గట్టు మీద షెడ్డులో యాప్ పెట్టి రైతును వాడమన్నాం. రస్ట్ కదా, ఇక పడిపోదని మా పొగరు. ఆయన చెరువు పేరు తెలుగులో కొట్టగానే పడిపోయింది. "ఏందబ్బయా, ఇంగ్లీషులోనే రాయాల్నా?" అన్నాడాయన. తలెత్తుకోలేకపోయాం.

పేరు పొడవైతే మొదటి 10 బైట్ల దగ్గర కత్తిరించమని రాశాం. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటే, కాబట్టి మా పరీక్షల్లో ఎప్పుడూ తేలలేదు. నెల్లూరు అన్న మాట కంటికి 3 అక్షరాలు, యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే పట్టిక) గుర్తులు 8, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. పదో బైటు దగ్గర కోస్తే గుర్తు మధ్యలో తెగుతుంది. సీ అయితే చెత్త అక్షరం చూపించి ఊరుకునేది, రస్ట్ ఒప్పుకోక ఆగిపోయింది. డిగ్రీ రెండో ఏడాది చదివే మన అమ్మాయి అక్కడే నులక మంచం మీద కూర్చుని, అక్షరాల హద్దులు చూసి కోసే క్రేట్ (రస్ట్‌లో రెడీమేడ్ కోడ్ పొట్లం) తగిలించి, భోజనాల వేళకు సరిచేసింది. సాయంత్రం ఆ రైతు మేత, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) తనే ఎక్కించుకున్నాడు. ఈ ఏడాది మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క రోజే.

రొట్టెల పండగ వారం పని ఆగింది, కుర్రాళ్ళంతా ఉద్యోగం రొట్టె కోసం స్వర్ణాల చెరువుకు పోయారు, అది తప్పనను. మిగతా వారాలకు కారణమేంటో వాళ్ళే చెప్పాలి. పాత కంప్యూటర్లు ఇస్తామన్న ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాం, మూడుసార్లూ సార్ క్యాంపులో ఉన్నారు.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. మిగులు కొద్దిగానే ఉంది, చందా బాకీలున్నవాళ్ళు తీర్చేయండి.

మూలాపేటలో మేడ మీద గది అద్దె లేకుండా ఇచ్చిన పెద్దాయనకు, బిల్డ్ అయ్యేదాకా ఓపిగ్గా టీలు పోసిన అన్నకు, అనువాదాలు సరిచూసిన టీచరమ్మకు, షెడ్డులో చేపల పులుసుతో అన్నం పెట్టిన ఆ రైతు ఇంటివాళ్ళకు సంఘం తరఫున ధన్యవాదాలు.

ప్రింటింగ్ భాగం ఇంకా సీలోనే ఉంది. తీసుకునేవాళ్ళు ఈరోజు మీటింగ్ అయ్యేలోపు నా దగ్గర పేరు రాయించండి. ఆదివారం వచ్చేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా తెచ్చుకోండి, ఆ గదిలో ప్లగ్గులు రెండే.

కార్యదర్శి