ఓటు అడిగారు సరే, లెక్క ఏది సార్?

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక రీఛార్జి షాపువాడి నమస్కారాలు.

టవర్ క్లాక్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో నాకో చిన్న షాపు ఉంది. రీఛార్జి, జెరాక్సు, కరెంటు బిల్లు, ఆధార్ ప్రింటు. ఇవి బోర్డు మీద రాసిన పనులు. బోర్డు మీద రాయనిది ఇంకోటి ఉంది. ఏడాదికోసారి టీవీలో అవార్డుల పండగ వస్తుంది. అభిమాన కోడలు ఎవరు, అభిమాన అత్త ఎవరు, ఉత్తమ జోడీ ఏది, అంతా మీ ఓటుతోనే అని స్క్రోలింగ్ మొదలైన మర్నాటి నుంచి మా వీధి ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని నా కౌంటర్ ముందు నిలబడతారు. "ఏమప్పా, మా పిల్లకు ఓటేసి పెట్టు" అంటారు. మా పిల్ల అంటే సీరియల్లో పిల్ల. కన్న కూతురి గురించి కూడా అంత ఆరాటంగా మాట్లాడరు.

మొదట్లో ఎస్సెమ్మెస్ ఉండేది. పంపిన ప్రతిసారీ బ్యాలెన్సులో రెండో మూడో రూపాయలు పోయేవి. ఇప్పుడు యాప్. ఓటుకు డబ్బులు పోవు గానీ అగచాట్లు ఎక్కువ. యాప్ దించబోతే ఫోన్లో జాగా లేదంటుంది. మనవరాలి పెళ్లి వీడియోలు తీసేద్దామా అంటే ఆమె ఒప్పుకోదు. సరే, ఏదో ఒకటి తీసి యాప్ ఎక్కిస్తే ఓటీపీ కావాలంటుంది. సిమ్ము కొడుకు పేరున ఉంటుంది, ఆ నంబరు బెంగుళూరులో అతని జేబులో ఉంటుంది. పని వేళ ఫోన్ చేసి "నాయనా, టీవీ ఓటుకు ఒక నంబరు వచ్చింది చూడు" అని అడిగితే ఆ కొడుకు పడే టెన్షన్ చూడాలి, అమ్మను ఎవడో సైబర్ దొంగ పట్టుకున్నాడని. ఇంతా చేసి ఓటు పడితే ఆమె ముఖంలో వచ్చే వెలుగు కోసం నేను డబ్బులు తీసుకోను.

తప్పు కూడా ఒప్పుకుంటాను. ఒక ఏడాది షాపు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం నా పాత జీమెయిల్ ఖాతాలు అన్నీ తీసి ఒకే నటికి పదిహేను ఓట్లు వేశాను. ఏ అడ్డూ రాలేదు. చిన్న ఊళ్లో ఒక్క వేలితో నేనే ఇంత చేస్తే, పదిమంది కుర్రాళ్లను కూర్చోబెట్టుకునే స్తోమత ఉన్నవాళ్లు ఎంత చేస్తారో మీరే ఊహించండి.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. డెబ్బై దాటాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ ముందు నుంచి లేవదు. మొన్నటిసారి వోటింగ్ ఆదివారం రాత్రి పన్నెండు దాకా అన్నారు. రోజుకు ఇన్ని ఓట్లని ఉంటే, అవన్నీ లెక్కపెట్టి మరీ వేయించుకునేది. శుక్రవారం హైదరాబాదు నుంచి ఆమె అక్క మనవడు ఫోన్ చేశాడు. ప్రోగ్రాం షూటింగుకు ప్రేక్షకుల్లో కూర్చోవడానికి వెళ్లాడట. అవార్డు ఎవరికి ఇచ్చారో కళ్లారా చూశానని పేరు చెప్పేశాడు. ఈమె పిల్ల కాదు, వేరే సీరియల్ ఆమె. అదే సమయంలో టీవీ కింద భాగాన "ఓటు వేయండి, మీ అభిమాన తారను గెలిపించండి" అని గీత పరుగెత్తుతూనే ఉంది.

పెద్దమ్మ శనివారం వచ్చింది. ఆదివారం కూడా వచ్చింది. "ఇంకెందుకు పెద్దమ్మా, అయిపోయింది గదా" అంటే, "ఏమో నాయనా, మళ్లీ లెక్క పెడతారేమో" అంది. ఆ రెండు రోజులు నేను వేసిన ఓట్లు ఎక్కడికి పోయాయి సార్?

చానల్ పేరు ఇక్కడ రాయను. నాకు కావాల్సింది ఒక చానల్‌ను బజారున పెట్టడం కాదు. ఫిర్యాదు మాత్రం పద్ధతి ప్రకారమే పెట్టాను. 2021లో మీ శాఖ తెచ్చిన కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది గదా, చానల్ 24 గంటల్లో ముట్టిందని చెప్పాలి, 15 రోజుల్లో బదులివ్వాలి అని. బదులు వచ్చింది. మా ప్రక్రియ పారదర్శకం, ప్రేక్షకుల అభిమానానికి ధన్యవాదాలు అని రెండు లైన్లు. ఎన్ని ఓట్లు పడ్డాయి అన్న ప్రశ్నను ముట్టుకోలేదు. పైమెట్టుకు పోదామని, టీవీలో ఏం చూపకూడదో చెప్పే ప్రోగ్రాం కోడ్ తీసి చదివాను. అసభ్యత గురించి ఉంది, మూఢనమ్మకాల గురించి ఉంది. ప్రేక్షకుల ఓటు అడిగితే ఏం చేయాలో నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు. లేని నియమాన్ని తప్పారని ఎవరికి చెప్పుకోను?

ఓటు లెక్క మాకు కొత్త కాదు. ఒక ఎన్నికల్లో నేను బూత్ ఏజెంటుగా కూర్చున్నాను. పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సీ చేతిలో పెట్టాడు. మా బూతులో ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంది. ఓడినవాడికీ ఇస్తారు ఆ కాగితం. టీవీ అవార్డుకు అంత అవసరమా అని మీకు నవ్వు రావచ్చు. కానీ ఓటు అనే మాట వాడుకున్నది వాళ్లే. మా ఊరి జనం ఆ మాటను తేలిగ్గా తీసుకోరు.

మా మేనల్లుడు లండన్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ 1995 నుంచి నేషనల్ టెలివిజన్ అవార్డులని జరుగుతున్నాయి. జ్యూరీ కాదు, ప్రేక్షకుల ఓట్లే నిర్ణయిస్తాయి. ఆంట్, డెక్ అనే ఇద్దరు యాంకర్లు ఉత్తమ యాంకర్ బహుమతిని వరసగా 23 సార్లు గెలిచారట. 2025లో గ్యారీ లినెకర్ అనే ఇంకో యాంకర్ వచ్చి ఆ వరస తెంచాడు. 23 సార్లా అని నేను నోరు వెళ్లబెడితే వాడు ఇంకో కథ చెప్పాడు. 2005లో అక్కడే బ్రిటిష్ కామెడీ అవార్డుల్లో ప్రజల ఓటుతో ఇచ్చే బహుమతికి కేథరిన్ టేట్ అనే ఆమెకు ఎక్కువ ఓట్లు పడితే, స్టేజీ మీద బహుమతి ఆంట్, డెక్‌లకే ఇచ్చారు. ఆ ఇద్దరికీ సంగతి తెలిసినట్టు ఆధారం దొరకలేదు గానీ, విషయం 2008లో విచారణలో బయటపడింది. అదే ఏడాది వేరే కార్యక్రమాల్లో ఫోన్ ఓట్ల అక్రమాలకు వాళ్ల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఐటీవీ అనే చానల్‌కు 56 లక్షల 75 వేల పౌండ్ల జరిమానా వేసింది. మోసం అక్కడా జరిగింది. కాకపోతే లెక్క తీసి చూసే చేయి ఒకటి ఉంది కాబట్టి దొరికింది.

మన దగ్గర ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. 2007లో కౌన్ బనేగా కరోడ్‌పతి చూసేవాళ్లకు పెట్టిన పోటీలో ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2 రూపాయల 40 పైసలు తీసుకున్నారు. ఒక వినియోగదారుల సంఘం కేసు వేస్తే 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చానల్ మీద, టెలికం కంపెనీ మీద కోటి రూపాయలు వేసింది. తర్వాత సుప్రీంకోర్టు ఆధారాలు చాలవని దాన్ని కొట్టేసింది. కోర్టును నేను తప్పు పట్టను. కానీ పుస్తకాలన్నీ కంపెనీ బీరువాలో ఉంటే ఆధారం చూసేవాడి దగ్గర ఎట్లా ఉంటుంది సార్?

ఇంకో మాట. తెలుగు సినిమాలకు, సీరియళ్లకు ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డు మా లేపాక్షి బసవన్న పేరు మీదే పెట్టారు. లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకింకా మాదే. నందుల్లోనూ గొడవలు లేకపోలేదు, 2017లో మూడేళ్ల అవార్డులు ఒకేసారి ప్రకటించినప్పుడు ఎంత రచ్చ అయిందో అందరం చూశాం. కానీ అక్కడ జ్యూరీలో ఉన్నవాళ్ల పేర్లు తెలుసు, కాబట్టి వాళ్లను తిట్టుకున్నారు. ఇక్కడ తిట్టడానికి కూడా ఎవరూ లేరు. మీరే గెలిపించారు అని మా మీదే పెడతారు.

నేను అడిగేది చిన్నది. ప్రేక్షకుల ఓటు అడిగే ఏ కార్యక్రమమైనా, ప్రసారమైన రోజే ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో, వోటింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో, లెక్కపెట్టింది ఎవరో తెర మీద వేయాలి. షూటింగు ముందే అయిపోతే వోటింగ్ కూడా అంతకుముందే ఆపాలి. వాళ్ల సరదా కోసం వాళ్లే ఇచ్చుకునే అవార్డులైతే హాయిగా ఇచ్చుకోమనండి, ఓటు మాట తీయకుండా. 2023 నవంబరులో మీ శాఖ బ్రాడ్‌కాస్టింగ్ బిల్లు ముసాయిదా బయట పెట్టింది. అది మళ్లీ కదిలితే ఈ నాలుగు ముక్కలు అందులో చేర్చండి. యాప్ సంగతి మా పరిధి కాదని చెప్పే వీలు కూడా మీకు లేదు, ఐటీ శాఖ కూడా మీ చేతిలోనే ఉంది. రైల్వే కూడా మీదే. గుంతకల్లు వైపు రైళ్ల గురించి వేరే ఉత్తరం రాస్తాను.

దీనితో పాటు మూడు ఫోటోలు జతచేసి స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను. శుక్రవారం మనవడు పంపిన వాట్సాప్ ఒకటి, ఆదివారం పెద్దమ్మ ఫోన్లో 'మీ ఓటు నమోదైంది' అని వచ్చినది ఒకటి, చానల్ ఇచ్చిన రెండు లైన్ల బదులు ఒకటి. తేదీలు స్పష్టంగా కనబడతాయి.

పెద్దమ్మ నిన్న షాపుకు వచ్చింది. ఈసారి యాప్ కొత్తది దించాలంట, జాగా కోసం ఏం తీసేయాలో చూడమని ఫోన్ ఇచ్చి పోయింది.

ఇట్లు,
ఒక రీఛార్జి షాపువాడు,
అనంతపురం