చలిలో వెలగని హీటర్, చదవకుండా మూసేసిన టికెట్లు: కస్టమర్ సర్వీస్ విభాగానికి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. క్యాంపర్ వ్యాన్‌లో బిగించిన మీ డీజిల్ కూలెంట్ హీటర్ (డీజిల్ మండించి ఇంజన్‌లో తిరిగే కూలెంట్ ద్రవాన్ని వేడిచేసేది) గడ్డకట్టే చలిలో వెలగడం లేదని మీకు ఫిర్యాదు చేశాను. యంత్రమన్నాక చెడిపోతుంది. చెడిపోయినందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. నేను కొలిచి, ఫొటోలు తీసి, వరుసగా రాసి పంపినదాన్ని మీ సంస్థలో ఒక్కరూ చదవలేదు. చదవకుండానే సలహాలిచ్చారు. వాటిలో రెండు సలహాలు ప్రమాదకరమైనవి. అందుకు రాస్తున్నాను.

లోపం ఏమిటో మళ్లీ చెప్తాను, ఎలాగూ పాత టికెట్లు ఎవరూ తెరవరు కాబట్టి. మైనస్ 10 డిగ్రీల కంటే కింద స్టార్ట్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, మంట అంటించే గ్లో ప్లగ్ వేడెక్కుతుంది, డీజిల్‌ను కొలిచి పోసే డోసింగ్ పంపు టిక్ టిక్‌మంటుంది, ఎగ్జాస్ట్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. అంతలోనే ఆగిపోతుంది. తనంతట తానే ఇంకోసారి ప్రయత్నించి, మంట అందలేదన్న కోడ్ చూపించి లాక్ అయిపోతుంది. సున్నాకు పైన ఉన్నప్పుడు ఇదే హీటర్ ఏ పేచీ లేకుండా వెలుగుతుంది. ఈ చివరి వాక్యమే మీవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. సమస్య అంతా అందులోనే ఉంది.

మొదట మాట్లాడిన ప్రతినిధి అడిగింది సీరియల్ నంబరు. అది ఫిర్యాదు ఫారంలోనే ఉంది. చెప్పాను. తర్వాత ‘ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, వెలిగేదాకా చేస్తూ ఉండండి’ అన్నారు. ఈ మాట మీ స్క్రీన్ మీద రాసి ఉంటే దయచేసి ఇవాళే తీసేయండి. ప్రతి విఫల ప్రయత్నంలో పంపు పోసిన డీజిల్ కాలకుండా బర్నర్ గదిలోనే నిలుస్తుంది. అలా నాలుగైదు ప్రయత్నాల డీజిల్ పోగుపడ్డాక ఒకసారి నిప్పంటుకుంటే అదంతా ఒకేసారి మండుతుంది. దట్టమైన పొగ వస్తుంది, మంట ఎగ్జాస్ట్ దాకా పాకుతుంది, మంట వేడిని కూలెంట్‌కు అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ హద్దు దాటి వేడెక్కుతుంది. హీటర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ కొన్ని వైఫల్యాల తర్వాత లాక్ అయ్యేలా మీ ఇంజనీర్లు చేసింది ఇది జరగకూడదనే. ఇంజనీర్లు పెట్టిన తాళాన్ని పగలగొట్టమని కాల్ సెంటర్ చెప్తోంది.

రెండో ప్రతినిధి ‘బ్యాటరీ వీక్’ అని తేల్చేశారు. కొలతలు పంపాను, మీటరు కనిపించేలా ఫొటోతో సహా. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుందన్నది నిజమే. అనుమానించడంలో తప్పు లేదు. కానీ అనుమానం తీర్చుకునే దారి ఉంది కదా! స్టార్ట్ అయ్యేటప్పుడు గ్లో ప్లగ్ దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి హీటర్‌కు 5 మీటర్లు, వెనక్కి 5 మీటర్లు, మొత్తం 10 మీటర్ల రాగి తీగ. అది 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే ఆ దారిలోనే 1.2 వోల్టుల దాకా పోతుంది. అప్పుడు బ్యాటరీ మంచిదైనా హీటర్‌కు వోల్టేజీ చాలదు. బిగించినవాళ్లు సన్న తీగ వాడిన చోట ఎక్కువగా జరిగేది ఇదే. ఈ వ్యాన్‌లో ఉన్నది 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, పోయేది 0.45 వోల్టుల లోపే. గ్లో ప్లగ్ పూర్తి లోడు మీద ఉండగా, బ్యాటరీ దగ్గర కాకుండా హీటర్ కనెక్టర్ దగ్గరే కొలిస్తే 11.7 వోల్టులు. మీ యంత్రం తక్కువ వోల్టేజీ అని ఆగిపోయేది 10.5 దగ్గర. పైగా ఇంజన్ నడుస్తూ ఆల్టర్నేటర్ 14 వోల్టులకు పైగా ఇస్తున్నప్పుడు కూడా ఇలాగే ఆగింది. ఫ్యూజు హోల్డరు, ఎర్త్ పాయింటు విప్పి శుభ్రం చేసిన ఫొటోలూ పంపాను. ఇన్ని పంపితే వచ్చిన జవాబు: ‘మీ బ్యాటరీని చెక్ చేయించుకోగలరు.’ టికెట్ మూసేశారు.

కొత్త టికెట్ తెరిస్తే కథ మళ్లీ మొదటికొచ్చింది. సీరియల్ నంబరు చెప్పండి, కొన్న తేదీ చెప్పండి, సమస్యను వివరించండి.

ఈసారి ప్రతినిధి ఇంధనం మీద పడ్డారు. వేసవి డీజిల్ చలికి మైనం కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుందన్నారు. నిజమే, చలికాలపు డీజిల్ పోయని ట్యాంకుల్లో అది మామూలే. అడిటివ్ పోయమన్నారు. మైనం కట్టిన తర్వాత పోస్తే ఆ మైనం కరగదనీ, డీజిల్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే కలపాలనీ నేనే ఆయనకు చెప్పాల్సి వచ్చింది. అసలు ఆ అనుమానం తీర్చడానికి వ్యాన్ ట్యాంకును పక్కన పెట్టి, చలికాలపు డీజిల్ పోసిన విడి డబ్బా నుంచి నేరుగా హీటర్‌కు లైన్ వేసి చూశాను. ఫలితం అదే. పంపు అవుట్‌లెట్ పైకి చూసేలా, మీ పుస్తకం చెప్పిన వాలులోనే బిగించి ఉంది, గాలి బుడగలు నిలవవు. లైన్ జాయింట్లలో రెండు గొట్టాల చివరలు మధ్యలో ఖాళీ లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. హీటర్ దగ్గర లైన్ విప్పి కొలగ్లాసులోకి పట్టి చూస్తే, పంపు పోసే పరిమాణం మీ సర్వీస్ పుస్తకం ఇచ్చిన హద్దుల లోపలే ఉంది.

ఇవన్నీ చెప్పాక ఆయన ఇచ్చిన సలహా: ట్యాంకులో కొంచెం పెట్రోలు కలపమని.

ఈ హీటర్ తాగేది ఇంజన్ తాగే ట్యాంకు నుంచే. కామన్ రైల్ (బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే) ఇంజన్‌లో హై ప్రెషర్ పంపుకు కందెన డీజిలే. పెట్రోలు కలిపితే ఆ కందెన పలచబడి పంపు లోపల లోహం అరుగుతుంది, ఆ రజను ఇంజెక్టర్లలోకి పోతుంది. ఇంజన్ సంగతి అలా ఉంచండి. డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పంటుకోగల కనీస ఉష్ణోగ్రత, 55 డిగ్రీల పైన. పెట్రోలుది మైనస్ 40 కంటే కింద. ఎర్రగా కాగిన గ్లో ప్లగ్ ఉన్న చిన్న గదిలోకి ఆ మిశ్రమాన్ని, అదీ మనుషులు పడుకునే బండి కింద, పంపించమని మీ సంస్థ తరఫున ఒకరు ఫోన్‌లో చెప్పారు. రాతపూర్వకంగా ఇవ్వమంటే లైన్ కట్ అయింది. ఆ కాల్ రికార్డయిందని మొదట్లోనే మీ యంత్రం చెప్పింది. తీసి వినండి.

తర్వాతి మెట్టు ‘సీనియర్ టెక్నికల్ టీమ్’. అక్కడినుంచి వచ్చిన ఈమెయిల్‌లో ఉన్నది ఒకే సలహా: హీటర్ పని చేసేదాకా బండిని నిలిపి ఉంచి, ఇంజన్‌ను ఐడిల్‌లో నడిపి వేడి చేసుకోమని. కూలెంట్ హీటర్లు అమ్మే సంస్థ ఈ మాట అనవచ్చా? ఐడిల్‌లో డీజిల్ ఇంజన్ కాల్చే ఇంధనం చాలా తక్కువ, పీల్చే గాలి ఎక్కువ. అందుకే అరగంట నిలబెట్టినా గట్టి చలిలో కూలెంట్ గోరువెచ్చన దాటదు. సిలిండర్ గోడలు చల్లగా ఉన్నంతసేపూ కాలని డీజిల్ రింగుల పక్కనుంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఎగ్జాస్ట్‌లోని పార్టిక్యులేట్ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది, ఎగ్జాస్ట్ వేడి చాలక ఆ మసి కాలిపోదు. హీటర్ లేనప్పుడు చేయవలసింది వేరు. గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయాలి, ఆయిల్ ప్రెషర్ కుదురుకోవడానికి నిమిషం లోపు ఆగాలి, తర్వాత 2000 ఆర్‌పీఎం దాటకుండా మెల్లగా నడుపుతూనే వేడెక్కించాలి. ఈ ఇబ్బంది లేకుండా, తాళం తిప్పకముందే కూలెంట్ వేడెక్కి, అద్దం మీద మంచు కరిగి, ఇంజన్ సుఖంగా అందుకోవాలనే జనం మీ యంత్రం కొంటారు. ఆ యంత్రం ఎందుకుందో మీ సీనియర్ టీమ్‌కే తెలియకపోతే ఇంకెవరిని అడగాలి?

అక్కడినుంచి ‘ఇది వ్యాన్ కంపెనీ సమస్య’ అన్నారు. వ్యాన్ వర్క్‌షాప్ ‘హీటర్ మాది కాదు’ అంది, అది న్యాయమే. చివరికి మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు పంపారు. వాళ్లు మర్యాదగా మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. కానీ చేసిందేమిటి? వ్యాన్‌ను రాత్రంతా వెచ్చని షెడ్డులో పెట్టి, పొద్దున్న అక్కడే స్టార్ట్ చేసి, వెలగగానే ‘లోపం కనబడలేదు’ అని కాగితం రాసిచ్చారు. జ్వరం దిగాక చెయ్యి పట్టుకు చూసి ‘జ్వరమేం లేదు’ అన్నట్టుంది. చలిలో మాత్రమే వచ్చే లోపాన్ని వెచ్చదనంలో వెతికారు. బయట నిలబెట్టి పరీక్షించండని జాబ్ కార్డు మీదే రాయించాను. ఆ గడి పక్కన టిక్కు కూడా పెట్టారు. షెడ్డులో ఉంచినట్టు వాళ్ల కాగితం మీదే ఉంది.

చలిలో ఏం జరుగుతోందో, వాళ్లు చూడలేదు కాబట్టి, నేనే రాస్తాను. పాజిటివ్ తీగకు క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) తగిలించి చూస్తే మొదట 9, 10 ఆంపియర్లు కనిపిస్తాయి, అంటే గ్లో ప్లగ్ కాగుతోంది. పంపు మొదలవుతుంది. పొగ మొదలైన కాసేపటికే, ఎగ్జాస్ట్ పైపు ఇంకా చల్లగా ఉండగానే, కరెంటు ఒక్కసారిగా 3 ఆంపియర్ల కిందికి పడిపోతుంది. మంట కుదురుకోకముందే గ్లో ప్లగ్ ఆగిపోతోందన్నమాట. వెచ్చగా ఉన్నప్పుడు బర్నర్ లోహమే కొంత వేడిగా ఉంటుంది, డీజిల్ పలచగా ఉండి తొందరగా ఆవిరవుతుంది, గ్లో ప్లగ్ ముందే ఆగినా మంట నిలుస్తుంది. మైనస్ 12లో నిలవదు. ఆవిరైనా కాలని డీజిలే ఆ తెల్ల పొగ. గ్లో ప్లగ్ కొత్తది వేసి చూశాను, తేడా లేదు. ఫ్లేమ్ సెన్సర్ మీ పుస్తకం ప్రకారం సున్నా దగ్గర 1000 ఓములు చూపే రకం. మైనస్ 12 దగ్గర దాదాపు 953 ఉండాలి, అంతే ఉంది. ఎగ్జాస్ట్‌లో అడుగున నీరు దిగే రంధ్రం తెరిచే ఉంది, లోపల ఐసు కట్టలేదు. గాలి పైపులో అడ్డం లేదు. వోల్టేజీ కాదు, ఇంధనం కాదు, గ్లో ప్లగ్ కాదు, సెన్సర్ కాదు, గాలి కాదు. ఇక మిగిలింది గ్లో ప్లగ్‌ను ఎప్పుడు ఆపాలో నిర్ణయించే కంట్రోల్ యూనిట్. దాన్ని వారంటీ కింద మార్చమని మొదటి టికెట్‌లోనే అడిగాను. మార్చనంటారా, రాత్రంతా బయట చలిలో ఉంచిన వ్యాన్ మీద డయాగ్నస్టిక్ టూల్ తగిలించి, గ్లో ప్లగ్ కరెంటు, సెన్సర్ రీడింగు, పంపు వేగం మూడూ కలిపి రికార్డు చేసి ఆ ఫైలు నాకివ్వండి. లోపం నా బిగింపులో ఉందని ఆ ఫైలు చూపిస్తే ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇంతకుముందు వాడిన వ్యాన్‌లోనూ మీ ఎయిర్ హీటరే (కూలెంట్‌ను కాక గాలిని వేడిచేసే రకం) ఉండేది. తక్కువ మంట మీద గంటల తరబడి నడిపితే మసి పడుతుందనీ, అప్పుడప్పుడు పావుగంటైనా పూర్తి మంట మీద నడపాలనీ, ఆపేటప్పుడు చల్లారే ఫ్యాన్ ఆగేదాకా మెయిన్ స్విచ్ కట్టేయకూడదనీ మీ పుస్తకం చదివి నేర్చుకున్నాను. అలా వాడినందుకు అది ఎన్ని చలికాలాలైనా విసిగించలేదు. ఆ నమ్మకంతోనే మళ్లీ మీ దగ్గరే కొన్నాను, అడిగినవాళ్లందరికీ మీ పేరే చెప్పాను. అంత మంచి పుస్తకం రాసినవాళ్లు, అంత మంచి బర్నర్ చేసినవాళ్లు మీ సంస్థలో ఉన్నారు. వాళ్లకూ నాకూ మధ్య మీరు కట్టిన గోడే నాకు కోపం తెప్పిస్తోంది. ఒక్క టెక్నీషియన్ ఐదు నిమిషాలు ఆ కొలతల కాగితం చదివితే తేలిపోయే విషయం ఇది. నా టికెట్ ‘పరిష్కరించబడింది’ అని మూసినప్పుడల్లా, సంతృప్తిగా ఉన్నారా అని అడుగుతూ ఒక సర్వే వస్తుంది. ప్రతిసారీ కారణం రాసి పంపాను. దానికీ జవాబు లేదు.

వారంటీ గడువు దగ్గర పడుతోంది. గడువు దాటాక ‘ఇప్పుడు మేమేం చేయలేం’ అనే మాట వస్తుందని ఈ తీరు చూస్తే అనుమానంగా ఉంది. మొదటి ఫిర్యాదు తేదీ నుంచి ప్రతి ఈమెయిల్, ప్రతి టికెట్ నంబరు, సర్వీస్ సెంటర్ కాగితం, కొలతల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. లోపం వారంటీలోనే తెలియజేశానని అవే సాక్ష్యం. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో కంట్రోల్ యూనిట్ గానీ, పైన చెప్పిన పరీక్షకు తేదీ గానీ రాకపోతే, ఈ కట్టంతా వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్తుంది. హీటర్ వెల, బిగింపు ఖర్చు, వృథాగా మార్చిన గ్లో ప్లగ్ ఖర్చు అన్నీ అక్కడే అడుగుతాను. పెట్రోలు కలపమన్న సలహాను వాహన భద్రతా అధికారులకు విడిగా రాస్తాను. దాని విషయంలో మీ జవాబు కోసం కూడా ఆగను. ఆ మాట విని ఇంకెవరైనా నిజంగానే కలిపేస్తే జరిగేది చిన్న నష్టం కాదు.

జవాబు రాసేవారు జతచేసిన మూడో పేజీలోని కరెంటు రీడింగుల పట్టిక చూసి రాయాలి. సీరియల్ నంబరు అదే పేజీ పైన ఉంది.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు

జతపరచినవి: కొనుగోలు రసీదు, టికెట్ల జాబితా, కొలతల పట్టిక, ఫొటోలు, సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు నకలు